నోరు తెరవమ్మా

మొన్న పంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. డాలస్ పక్కన ప్లేనోలో, మా ఇంటికి దగ్గర్లోనే కొత్తగా పెట్టిన క్లినిక్. మనవాళ్ళమ్మాయే గానీ ఇక్కడే పుట్టి పెరిగింది. కుర్చీ వెనక్కి వాల్చి, దీపం నా మొహం మీదికి లాగి, "నోరు తెరవండి అంకుల్. ఇంకొంచెం వైడ్‌గా," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనింకా టచ్ కూడా చెయ్యలేదు అంకుల్, అప్పుడే పెయినా?"

"నొప్పి కాదమ్మా. వేరే ఎవరో గుర్తొచ్చారు."

"ఎవరు, మీ ఓల్డ్ డెంటిస్టా?"

"డెంటిస్టే. నువ్వు కానీ."

అంతకంటే ఆ పిల్లకి ఏం చెప్పను? ఒక మనిషి నోరు తెరవమని బతిమాలుతుంటే నేను మొట్టమొదట విన్నది ఏ రోగి దగ్గరా కాదు, ఒక శిలువ దగ్గర.

ఆయన పేరు రాయను. రాస్తే వాళ్ళ సంఘంలో చల్లారిన గొడవ మళ్ళీ లేస్తుంది. డాక్టరు గారు అంటే చాలు, బతికుండగానూ అలాగే పిలిచాను. డాలస్ శివార్లలో ఏడాదికి నాలుగైదుసార్లు పాత పతకాలు, నాణేలు, కత్తులు అమ్మే సంత ఒకటి జరుగుతుంది. పెద్ద హాలు, వరసగా బల్లలు, హాలంతా పాప్‌కార్న్ వాసన. నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. తెనాలిలో లేతు మిషను మీద పని నేర్చుకుని, ఆ పనితోనే ఈ దేశం వచ్చి, అచ్చులు చెక్కే షాపులో రిటైరయ్యాను. అచ్చు చెక్కిన చేతికి పతకం మీద మనసు పోవడం వింతేమీ కాదు. మిగతా చదువంతా ఇక్కడి లైబ్రరీలు పెట్టిన భిక్ష. కాబట్టి ఆ సంతలో నాకు తెలియనిది లేదనుకుంటూ తిరుగుతున్నాను. ఒక బల్ల ముందు పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం. దాన్ని ఒక నీలి శిలువ కిందికి పోనిచ్చి, మెడ వంచి, మెల్లగా అంటున్నాడు:

"నోరు తెరవమ్మా. ఆఁ, అంతే. భయం లేదు."

ఆ హాల్లో తెలుగు! నేను ఆగిపోయాను.

"మీరు తెలుగువారా?"

"ఆయ్. నర్సాపురం. తమరు?"

"తెనాలి."

"అయితే దీని మీద తమకి ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది. కానివ్వండి."

ఆ వెటకారం నాకు గుచ్చుకుంది. శిలువ అందుకుని, మెడలో తాడు దూర్చే కొండిని భూతద్దంతో చూశాను. రవ్వంత అడవిపంది తల. పారిస్‌లో వెండి పరీక్షించి కొట్టే గుర్తు అది. "పారిస్ పని," అన్నాను, తీర్పు చెప్పినట్టు.

"అది కొండి పుట్టిన ఊరండి. మనిషి పుట్టిన ఊరు చెప్పండి."

అద్దం నా చేతికిచ్చి శిలువ కింది చెయ్యి అంచు చూపించాడు. అక్కడ నెలవంక, పక్కన కిరీటం. జర్మనీలో వెండికి కొట్టే గుర్తు. ఎవరికో కొండి విరిగితే పారిస్‌లో కొత్తది వేయించుకున్నారు, అంతే. ఆ రోజు నుంచి ఆయన నన్ను 'గురువు గారూ' అని పిలవడం మొదలుపెట్టాడు. ఎంత పొడిచే పిలుపో ఆ పిలిచే గొంతు విన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన చూసేది రుమేనియా పతకాలు మాత్రమే. అందులోనూ ఎక్కువగా ఒకటే రకం: నీలి గాజుపూత వేసిన శిలువ, నడుమ గద్ద, గద్ద చుట్టూ విశ్వాసంలోనే రక్షణ ఉందని లాటిన్ మాటలు, నెత్తిన కిరీటం. ఆ దేశపు రాజులు ఇచ్చిన నక్షత్ర బిరుదు. బిరుదు ఒక్కటే గానీ చేసిన చేతులు చాలా. బుకారెస్ట్ నగల దుకాణాలు, వియన్నా, బెర్లిన్, పారిస్ శాలలు, ఎవరి అచ్చు వారిదే. ఒకరి గద్దకి మెడ పొడుగు, ఇంకొకరి గద్ద మేత ఎక్కువైన కోడిలా ఉంటుంది. ఇలా ఆయనే అనేవాడు. దొంగ సరుకు చూస్తే మాత్రం కోపం వచ్చేది కాదు, జాలి పడేవాడు. "చూడండి గురువు గారూ, కొట్టిన ముద్రకి అంచు లేస్తుంది. ఇది పోత పోసింది. అన్నం ముద్దలో వేలు పెట్టినట్టుంది పాపం." నాకు మాత్రం ఒళ్ళు మండేది. ముద్ర చదవడం రానివాళ్ళు బల్లలు పరుచుకుని, మెరుగు పెట్టిన పెట్టె చూపించి, పెట్టెలో ఉన్నదానికి ఊరూ పేరూ అంటగడుతుంటే మండదా?

గాజుపూత అసలుదా, తర్వాత ఎవరైనా ప్లాస్టిక్ రంగు పూశారా అని తేల్చడానికి ఆయనకి ఒక పద్ధతి ఉండేది. శిలువని కింది పెదవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. గాజు చల్లగా తగులుతుంది. గాజు కానిది అంత చల్లగా ఉండదు. వేలికి తెలియని తేడా పెదవికి తెలుస్తుందనేవాడు.

ఆ పెదవే ఆయన్ని ఇరికించింది. ఒక ఆదివారం నాకు దొరికిన శిలువ ఒకటి చూపిద్దామని వాళ్ళ తెలుగు చర్చికి పట్టుకెళ్ళాను. ఆరాధన అయిపోయి భోజనాలు జరుగుతున్నాయి. ఆయన బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అలవాటుగా శిలువని పెదవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎదురు బల్ల దగ్గర ఒకావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అయ్యో, సంఘపెద్ద అయ్యుండి శిలువకి ముద్దులేంటండీ?"

"ముద్దు కాదు సిస్టర్, టెస్టు."

"కళ్ళు మూసుకుని టెస్టా?"

మరుసటి వారం కమిటీ కూర్చుంది. విగ్రహారాధన అన్న మాట కూడా వచ్చిందట. పాస్టరు మెత్తగానే, "బ్రదర్, మీకు తెలుసు, మాకు తెలుసు. చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అన్నాడట. "గాజుకీ ప్లాస్టిక్‌కీ తేడా ప్రభువుకి తెలుసు లెండి," అని ఈయన నవ్వి ఊరుకున్నాడు. కానీ పెద్దల జాబితాలో ఆ తర్వాత ఆయన పేరు కనపడలేదు. వాళ్ళకి ఉచితంగా పళ్ళు కట్టి, పిల్లలకి తీగలు బిగించిన మనిషి! నేను వెళ్ళి నాలుగూ దులిపి వస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మీరు వెళితే నన్ను మీ మతంలో కలిపేసుకున్నారంటారు. కూర్చోండి."

ఇంత పిచ్చి ఎందుకో నాకు చాలాకాలం చెప్పలేదు. ఆయన క్లినిక్ కిటికీ గట్టు మీద శరదృతువు వచ్చిందంటే పసుప్పచ్చటి పళ్ళు వరసగా పెట్టి ఉండేవి. మన జామకాయల్లా ఉంటాయి గానీ పచ్చిగా కొరికితే పన్ను కదులుతుంది. ఇరాన్ వాళ్ళ కొట్లో కొనేవాడు. "తినని పళ్ళెందుకండీ?" అని అడిగితే, "ఇవి తినడానికి కాదు, ఇంటికి వాసన పట్టించడానికి. ఆవిడ ఇలాగే పెట్టేది," అన్నాడు. అలా ఆవిడ సంగతి బయటికొచ్చింది.

కుర్రతనంలో ఆయన స్కాలర్‌షిప్ మీద రుమేనియా వెళ్ళి పళ్ళ డాక్టరు చదివాడు. రాజులు పోయి పార్టీ ఏలుతున్న కాలం. ఒక ముసలి విధవరాలి ఇంట్లో గది. ఆవిడ తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యపు డాక్టరు, ఆయనకి రాజు చేతి మీదుగా వచ్చిన నీలి శిలువ పిండి డబ్బాలో దాచుకుని ఉంది. రాజు పేరెత్తడమే నేరమైన రోజుల్లో అది ఇంట్లో ఉండటం ప్రమాదం. ఒకరోజు బయటికి తీసి చూపించింది. ఎడమ చేతి మీద కందిబద్దంత పూత ఊడి వెండి కనపడుతోంది. చదివేది పళ్ళ చదువు. పుచ్చుని చూసి ఊరుకోగలడా? కాలేజీలో పళ్ళు నింపే సిమెంటు చిటికెడు తెచ్చి, పెన్నులోని నీలి సిరా కలిపి ఆ గుంట పూడ్చాడు.

"సిమెంటు గట్టిపడిపోతోంది, పరికరం చూస్తే గదిలో లేదు. బొటనవేలితో నొక్కేశాను గురువు గారూ. గీతలు గీతలుగా అచ్చు పడిపోయింది. ఫారిన్ చదువుకెళ్ళి వేలిముద్ర వేసినవాణ్ణి నేనొక్కణ్ణే!"

నాకు నవ్వు రాలేదు. "మా నాన్న చచ్చేదాకా వేలిముద్రే వేశాడు. దాన్ని ఎగతాళి చెయ్యకండి," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "ఎగతాళి కాదండి. సంతకమైతే ఎవడైనా దొంగది పెట్టొచ్చు," అన్నాడు.

చదువై అమెరికాకి బయల్దేరేటప్పుడు ఆవిడ ఆ శిలువని ఆయన చేతిలో పెట్టింది. కూతురు అప్పటికే దేశం దాటి అమెరికా చేరింది, హ్యూస్టన్‌లో ఉంది. "నా కూతురి చేతికియ్యి," అంది, అంతే. ఈయన దాన్ని సాక్సులో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాడు. విమానాశ్రయంలో ఒక అధికారి పెట్టె కుమ్మరించి, సాక్సు విప్పి, శిలువని చూసి, ఒక్క కాగితం ముక్కైనా రాయకుండా తన జేబులో వేసుకున్నాడు. నోరెత్తితే ఆవిడ పేరు చెప్పాల్సి వస్తుంది. చెప్పలేదు. విమానమెక్కాడు. అమెరికా చేరగానే హ్యూస్టన్ వెళ్ళి, వట్టి చేతులతో ఆ కూతురి గుమ్మంలో నిలబడి, గుంట పూడ్చి వేలితో నొక్కిన సంగతితో సహా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే మాట అంది: "అమ్ముకున్నావు."

ఆ మాట ఆయన్ని వదల్లేదు. రోగి నోట్లో మిషను పెట్టి ఆ చప్పుడులో విన్నానని నాతో చెప్పాడు. అప్పటికే పోయిన ముసలావిడ మాత్రం మాట అనేది కాదట, ఊరికే వచ్చి నిలబడేదట. సంతలో బల్లల మధ్య నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. "పళ్ళ వాసన రావడం లేదూ?"

"పాప్‌కార్న్ అండి బాబూ."

"కాదు. వచ్చింది."

ఇక ఆ వరసలో ప్రతి పెట్టె మూతా తీయించేవాడు. ఆవిడకి మూత వేస్తే ఊపిరాడదనేవాడు. నేను హేతువాదం పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి, దెయ్యాల కబుర్లు చెబితే తిడతాను. ఆయన్ని తిట్టలేకపోయాను. ఎందుకంటే ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో భయం ఉండేది కాదు, ఆలస్యంగా వచ్చినవాడి సిగ్గు ఉండేది.

ఒకసారి నిలదీశాను. "ఆ అధికారి అమ్మినా బజారుకే వస్తుంది, మీరు అమ్ముకున్నా బజారుకే వస్తుంది. రేపు దొరికినా మీ నిజాయితీకి అదేం రుజువు?"

"రుజువెవరిక్కావాలి గురువు గారూ? చేతికియ్యమంది. చేతికియ్యాలి."

గుర్తులన్నీ ఆయనకి కంఠతా. కింది చెయ్యి అంచున దేవత తల, అంటే వియన్నా వెండి. కొండి మీద ఏ ముద్రా లేదు. ఎడమ చేతి మీద తన వేలు. సిరా ఏళ్ళకి వెలిసిపోతుంది కాబట్టి నీలంలో పంటిరంగు మచ్చ కనపడాలి. ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి చేసిన పని చూడండి. ఆయన పేరు నలుగురికీ తెలిశాక, పూత ఊడిన శిలువలు పట్టుకుని వర్తకులు ఆయన క్లినిక్‌కే రావడం మొదలుపెట్టారు. ఈయన వాటిని కుర్చీ పక్కన దీపం కింద పెట్టి, నోరు తెరవమ్మా అంటూ, అదే సిమెంటు, అదే నీలం, ఒక్కొక్కదానికీ గుంట పూడ్చి పంపేవాడు. నాకు మతిపోయింది.

"మీరు వెతికే గుర్తుని మీరే ఊరంతా పంచిపెడుతున్నారు! రేపు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"పుచ్చు కనపడితే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఊరుకోండి!"

"మీరు లేతు మిషను మీద వంకర ముక్క వదిలేసి ఇంటికి వెళ్ళగలరా?" అని అడిగి, అద్దం తుడుచుకుంటూ అన్నాడు: "వేలిముద్ర మాత్రం పంచలేదు లెండి. ఇప్పుడు పరికరాలున్నాయి కదా."

కిందటేడు ఆయన పోయాడు. గుండె. సంస్మరణ కూడికలో చదువు, ఉద్యోగం, బాప్తిస్మం, పెళ్ళి అన్నీ వరసగా చదివారు. శిలువల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు. ఆయన భార్య మాత్రం నన్ను పక్కకి పిలిచి ఆ చిన్న అద్దం నా చేతిలో పెట్టింది. "మీ దగ్గరుంచండి అన్నయ్యా. పిల్లలు పారేస్తారు."

ఆ తర్వాత సంతకి వెళ్ళడమే నాకు కష్టమైపోయింది. బల్ల బల్లకీ ఆయనే. తొలిరోజుల్లో పూడ్చినవాటికి కూడా రంగు దిగిపోయింది, నీలి శిలువల మీద ఒక్కొక్క పన్ను బయటపడి నన్ను చూస్తోంది. ప్రతిసారీ గుండె గబుక్కున లేస్తుంది, అద్దం పెట్టి చూస్తే నున్నగా మెరుగు పెట్టిన పని. ఆయన చేతి పనే, కానీ ఆవిడది కాదు. చనిపోయిన మనిషి పని ఇన్ని చోట్ల కనపడుతూ, కావలసినచోట కనపడకపోవడం ఏమిటి? ఆ కోపంతో ఒకసారి సగంలోనే తిరిగొచ్చేశాను.

ఈ వసంతంలో మళ్ళీ వెళ్ళాను. చివరి వరసలో ఒక కుర్ర వర్తకుడు పట్టు పరిచిన పెట్టెలో నీలి శిలువ పెట్టుకుని కూర్చున్నాడు. మూత వేసి ఉంది. తీయమన్నాను. తీస్తూనే ఉపన్యాసం అందుకున్నాడు. "పారిస్ పీస్ సర్. కొండి మీద ముద్ర చూడండి, అడవిపంది." చూశాను. నిజమే. ఎడమ చేతి మీద పంటిరంగు మచ్చ కూడా ఉంది. ఇంకొకటి అనుకుని పెట్టెయ్యబోయాను. కొండి మాట వినేసి తిరిగిపోతే ఆయన ఏమంటాడు? అద్దం తీసి కింది చెయ్యి అంచుకి పోనిచ్చాను. "నోరు తెరవమ్మా," అన్నాను. పైకే అన్నాను కాబోలు, ఆ కుర్రాడు వింతగా చూశాడు.

దేవత తల. వియన్నా. పారిస్ కొండి తర్వాత ఎవరో వేయించింది.

భూతద్దం ఎడమ చేతి మీదికి తెచ్చాను. మెరుగు లేదు. దున్నిన చేనులో చాళ్ళలాగా సన్నటి గీతలు, అన్నీ ఒకే పక్కకి వంగి ఉన్నాయి. ఆ వేలు ఇప్పుడు భూమిలో ఉంది. ఇక్కడ మాత్రం నొక్కుతూనే ఉంది.

అడిగినంతా ఇచ్చి కొన్నాను. ఆయన భార్యని హ్యూస్టన్ తీసుకెళదామనుకున్నాను. ఆవిడ శిలువని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి తిరిగిచ్చేసింది. "మీరు వెళ్ళండి అన్నయ్యా. నన్ను రమ్మనకండి. ఆ మాట అన్న నోటిని నేను చూడలేను."

ఆ ముసలావిడ కూతురి నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. వృద్ధుల ఆశ్రమంలో ఉంది. నా యాస వినగానే, "ఆ ఇండియన్ డెంటిస్టువా?" అంది.

"కాదు. ఆయన స్నేహితుణ్ణి."

"ఇప్పుడేం కథ తెచ్చారు?"

డ్రైవ్ చేసినంతసేపూ ఆమెకి చెప్పవలసినవన్నీ ఇంగ్లీషులో కూర్చుకున్నాను. మంచి మాటలు కావు. మనిషిని ఒక్క మాటతో ఎలా చంపుతారో, చంపి ఎలా మర్చిపోతారో అడగాలనుకున్నాను. ఎనభై దాటినా నాకు ఇంకా కోపానికి కొరత లేదు.

గదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నేను పేరు చెప్పలేదు, కథా చెప్పలేదు. శిలువని ఆమె చేతిలో పెట్టాను. ఆమె గద్దని చూడలేదు, కిరీటాన్ని చూడలేదు. బొటనవేలితో ఒక్కొక్క చెయ్యే తడుముకుంటూ వెళ్ళి ఎడమ చేతి మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"అతను రాలేదేం?"

"పోయారు. కిందటేడు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. గట్టు మీద ఏమీ లేదు, పూలకుండీ కూడా లేదు. అయినా నాకు ఆ పళ్ళ వాసన వేసింది. పాప్‌కార్న్ కాదు.

"ఆ రోజు వాన," అంది. "సన్నటి కుర్రాడు, తడిసిపోయి ఉన్నాడు. లోపలికి రమ్మని కూడా అనలేదు నేను."

కారులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నాకు అందలేదు.

తర్వాత ఆమె వాళ్ళ ఆచారం ప్రకారం శిలువని పైకెత్తి పెదవులకి ఆనించుకుంది. పై చెయ్యి, కింది చెయ్యి, కుడి చెయ్యి. ఎడమ చేతి దగ్గర ఆగిపోయింది. కళ్ళు తెరిచి నావైపు చూసింది.

"ఇక్కడ ఒక్కచోట చల్లగా లేదు," అంది.

ఎందుకో నాకు తెలుసు. అది గాజు కాదు, సిమెంటు. పెదవికి తేడా తెలుస్తుంది. చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.